అరకు, పాడేరు, లంబసింగి సైకిల్ మీద: అపోహలు - వాస్తవాలు

శుక్రవారం రాత్రి పది దాటాక నాకొచ్చే ఫోన్లలో సగానికి సగం ఒకటే ప్రశ్న: "అన్నా, నేను ఘాటీ ఎక్కగలనా?" విశాఖ నుంచి ఏజెన్సీలోకి చిన్న చిన్న బృందాలను సైకిళ్ల మీద తీసుకెళ్లడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఎక్కలేక ఆగిపోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు కూడా తోసుకుంటూ వచ్చేసినవాళ్లే. మోకాళ్లు, మోచేతులు గీరుకున్న వాళ్లందరికీ ఆ దెబ్బలు దిగేటప్పుడే తగిలాయి. దిగడం గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఫోన్ చేసి అడగలేదు.

నేను మాట్లాడుతున్న దారి ఇది: విశాఖ, ఎస్.కోట (శృంగవరపుకోట), అనంతగిరి, అరకు, హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం, మళ్లీ విశాఖ. మొత్తం 350 కిలోమీటర్లకు అటూ ఇటూ. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ కొండ ప్రాంతం పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది కానీ, మా నోట ఇంకా "ఏజెన్సీ" అనే వస్తుంది. 1839లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు చట్టం చేసి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా పెట్టి ఈ కొండల్ని విడిగా పాలించారు. కంపెనీ పోయినా పేరు పోలేదు.

అపోహ: అరకు 900 మీటర్ల ఎత్తు. 900 మీటర్లు ఎక్కితే అయిపోయింది, తిరుగు ప్రయాణం అంతా దిగుడే.

అరకు ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నమాట నిజమే. కానీ రోడ్డు నేరుగా అక్కడికి ఎక్కి ఆగిపోదు. కాశీపట్నం దాటాక మలుపులు మొదలవుతాయి. టైడా, డముకు, అనంతగిరి దాటి గాలికొండ దాకా ఎక్కించి, అక్కణ్నుంచి సుంకరిమెట్ట వైపు దించి, అప్పుడు అరకులోకి వదులుతుంది. పక్కనే వెళ్లే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ శిమిలిగూడ, 996 మీటర్లు. మన రోడ్డు అంతకన్నా పైనుంచి వెళ్తుంది. రైలుకు సొరంగాలున్నాయి, మనకు లేవు.

దీనివల్ల రెండు సంగతులు. ఒకటి, ఎక్కీ దిగీ కలిపితే మొత్తం ఎక్కుడు మీరు వేసుకున్న లెక్క కన్నా ఎక్కువ. రెండు, వచ్చిన దారినే వెనక్కి రావాలనుకుంటే పొద్దున్నే ఒళ్లు వేడెక్కకముందే గాలికొండ ఎక్కాలి. "రిటర్న్ ఈజీ కదా" అని శనివారం రాత్రి ఒంటిగంట దాకా మంట చుట్టూ కూర్చున్న బృందాల ముఖాలు ఆదివారం పొద్దున చూడాలి.

అందుకే నేను ఒక్క రోజులో విశాఖ నుంచి అరకు తీసుకెళ్లను. దూరం 115 కిలోమీటర్లే, కుర్రాళ్లు కొట్టేస్తారు. కానీ మొదటి సాయంత్రం ఎస్.కోటలో పడుకుని, తెల్లవారుజామున చల్లగా ఉండగా ఘాటీ మొదలుపెడితే అదే కొండ వేరేలా ఉంటుంది.

అపోహ: లక్ష రూపాయల సైకిల్ లేకపోతే ఘాటీ కుదరదు.

ధర కాదు, పళ్లు లెక్కపెట్టండి. ముందున్న అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రానికి, వెనకున్న అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రానికి ఎన్నెన్ని పళ్లున్నాయో చూడండి. వెనకవి ఎక్కువ ఉంటే మీరు ఎక్కుతారు. ముందు 28, వెనక 34 అనుకుందాం. నిమిషానికి అరవై సార్లు పెడల్ తిప్పితే గంటకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగం వస్తుంది. నడక కన్నా కాస్త నయం, ఊపిరి ఆడుతుంది, పక్కవాళ్లతో మాట్లాడొచ్చు. అదే రేసింగ్ సైకిల్ మీద ముందు 34, వెనక 28 ఉందనుకోండి, అదే తిప్పుడుకి తొమ్మిది కిలోమీటర్లు. ఆ వేగం పట్టుకోలేకపోతే కాళ్లు లాగి లాగి మోకాళ్లు పట్టేస్తాయి. బృందంలో ముందుగా దిగి తోసేది ఎక్కువగా ఖరీదైన సైకిళ్ల వాళ్లే. తోయడం తప్పేం కాదు, నేనూ తోస్తాను.

అపోహ: ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతాం.

దీని దగ్గర కాసేపు ఆగుతాను. చిన్నప్పుడు అద్దె సైకిల్ తొక్కిన ప్రతివాడికీ ఎవరో ఒక అన్నయ్య చెప్పిన మాట ఇది. ముప్ఫై ఏళ్లొచ్చినా చెయ్యి దానంతటదే వెనక బ్రేకు మీదికి పోతుంది.

దిగుడులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికైపోతుంది కాబట్టి వెనక బ్రేకు ఎంత నొక్కినా చక్రం జారుతుందే కానీ సైకిల్ ఆగదు. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పల్టీ కొట్టేది ముందు బ్రేకును ఒక్కసారిగా బిగించి, చేతులు వదులుగా పెట్టి, ఒళ్లు ముందుకు తూలినప్పుడు. పిరుదులు సీటు వెనక్కి జరిపి, చేతులు గట్టిగా ఆనించి, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పెంచుతూ నొక్కితే ఏమీ కాదు. తడి రోడ్డు మీద, ఎండుటాకుల మీద, గులకరాళ్ల మీద మాత్రం ముందు బ్రేకును సుతారంగా వాడాలి. అక్కడ ముందు చక్రం బిగిసిందంటే పడటమే.

మలుపులో బ్రేకు వెయ్యొద్దు. మలుపుకు ముందే వేగం తగ్గించి, వంపులో వదిలెయ్యాలి.

ఇంకో సంగతి వేడి. మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు, 900 మీటర్ల దిగుడు అనుకుంటే, ఆ శక్తి రెండున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. అందులో కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా బ్రేకులూ రిమ్ములే భరించాలి. భయపడి కొండ పొడుగునా బ్రేకు నొక్కే ఉంచినవాళ్లకే ఎక్కువ ప్రమాదం. ఒకసారి డముకు దగ్గర మా వెనక వస్తున్న అబ్బాయి టైరు టపాసులా పేలింది. రోడ్డు పక్కన ఆపి రిమ్ము మీద సీసాలో నీళ్లు చుక్కేస్తే సుయ్‌మంది. ఆ అబ్బాయి గంటకు పన్నెండు కిలోమీటర్లు దాటకుండా, చాలా జాగ్రత్తగా దిగాడు. జాగ్రత్త పడుతున్నానని అనుకుంటూ రిమ్ముని పెనం చేశాడు. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, తిన్నటి దారిలో పూర్తిగా వదిలి గాలి తగలనివ్వాలి. వ్యూపాయింట్ల దగ్గర ఫొటో పేరుతోనైనా ఆగండి. డిస్క్ బ్రేకులున్నవాళ్లు ఆ డిస్కును వేలితో తాకి చూడకండి, తోలు ఊడుతుంది.

అపోహ: డిసెంబర్, జనవరి అసలైన సీజన్.

కార్లకు అవుననే చెప్తాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు. బయట నిలబడితే కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతామని. ఆ చలి చూడటానికి, పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి రాత్రి పన్నెండింటికి బయల్దేరి నిద్రకళ్లతో కారు నడిపేవాళ్లు తెల్లవారుజామున ఘాటీలో ఉంటారు. పొగమంచులో పది అడుగుల ముందున్నది కనబడదు. సరిగ్గా ఆ సమయానికి మీరూ సైకిల్ మీద ఉండాలా? శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

నవంబర్‌లో వలిసె పూలు పొలాల నిండా పసుపుపచ్చగా విరగబూస్తాయి, చూడ్డానికి అంతకన్నా బాగుండే కాలం లేదు. కానీ అక్టోబర్, నవంబర్ అంటే తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఎలా అయిపోయిందో చూసినవాళ్లు వాతావరణ కేంద్రం మాట కొట్టిపారెయ్యరు. వానాకాలం నేను అసలు తీసుకెళ్లను. గెడ్డలు (వాగులు) పొంగుతాయి, కొండచరియలు జారతాయి, మలేరియా కూడా అప్పుడే ఎక్కువ. ఏ కాలంలో వెళ్లినా సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, రాత్రి దోమతెర. వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే రక్త పరీక్ష చేయించుకోండి, ఏజెన్సీ వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి.

నన్నడిగితే ఫిబ్రవరి. చలి విరుగుతుంది, ఎండ ముదరదు, రోడ్ల మీద జనం ఉండరు. మోదుగలు అప్పుడే ఎర్రగా పూస్తాయి. ఫొటోలకు పచ్చదనం తక్కువని కొందరు గునుస్తారు, గునవనివ్వండి.

అపోహ: ఫోన్ మ్యాప్‌లో దారి ఉంటే దారి ఉన్నట్టే.

మ్యాప్ గీతకు అది తారు రోడ్డా, జీపు దారా, ఆవులు నడిచే బాటా అన్న తేడా తెలియదు. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే దించుకోవాలి. పెద్ద రోడ్డు మీద కూడా ఒకే రకం తారు ఆశించకండి. జాతీయ రహదారి 516ఇ కింద వెడల్పు చేసిన చోట నున్నగా ఉంటుంది, ఆ ఊపులో వెళ్తూ ఉంటే ఒక్కసారిగా కంకర తగులుతుంది.

అడ్డదారి పట్టేముందు నేను టీ కొట్టు దగ్గర ఒకటే అడుగుతాను: "ఈ దారిలో ఆర్టీసీ బస్సు వెళ్తుందా?" వెళ్తుందంటే ఎంత నిటారుగా ఉన్నా తొక్కగలిగేదే. "బస్సు లేదు, సర్వీస్ జీపు వెళ్తాది" అంటే కొంత దూరం తోసుకోవాలి. "బండి మీద ఎల్లిపోవచ్చు బాబూ" అంటే వెనక్కి తిరగండి. ఎన్ని కిలోమీటర్లని మాత్రం అడక్కండి. "ఇక్కడే" అన్న జవాబు రెండు కిలోమీటర్లూ కావచ్చు, పన్నెండూ కావచ్చు. రోజూ కొండ దిగి సంతకు నడిచేవాళ్లకు పన్నెండు నిజంగానే ఇక్కడే.

అపోహ: సైకిలే కదా, ఏ ఊళ్లోనైనా బాగుచేస్తారు.

పంక్చర్ వేస్తారు, ఊచ బిగిస్తారు, హబ్బులో బాల్స్ మారుస్తారు, అదీ మనకన్నా చక్కగా. కానీ మీ ట్యూబుకు సన్నటి వాల్వు ఉంటే గాలి కొట్టడం కష్టం. హుకుంపేటలో ఒక పెద్దాయన నా వాల్వును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి బాబూ, సూదిలాగుంది?" అన్నాడు. ఆయన పంపు మామూలు సైకిల్ వాల్వుకు, కంప్రెసర్ మోటారు సైకిళ్లకు. ఆ సన్నటి వాల్వుకు బిగించే ఇత్తడి అడాప్టర్ వేలిగోరంత ఉంటుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. రెండు కొని, ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. బ్రేకు ప్యాడ్లు, గేరు తీగ, చైను లింకు మీరే తెచ్చుకోవాలి, ఇవి కొండ మీద దొరకవు. మరీ ఏమీ కుదరకపోతే సైకిల్‌ని జీపు టాపు మీద తాడేసి కట్టించుకోవడమే.

అపోహ: చల్లగా ఉంటుంది, నీళ్లు అంతగా అక్కర్లేదు.

చెమట కనబడదు, అంతే. పోవాల్సిన నీరు పోతూనే ఉంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా పది, పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు. తిండి కూడా ఆకలికి ముందే. ఘాటీలో హోటళ్లు మనకు ఆకలేసిన చోట ఉండవు. సంతలో చోడి (రాగి) అంబలి దొరికితే వదలకండి. నా మట్టుకు ఎక్కుడులో దానికి సాటి వచ్చేది లేదు. బొంగులో చికెన్ సాయంత్రానికి దాచుకోండి. మధ్యాహ్నం తిని ఎక్కినవాణ్ని ఒకణ్ని చూశాను, వివరాలు వద్దు.

అపోహ: ఏజెన్సీలో భయం. లేదా: ఏజెన్సీలో అడిగేవాడు లేడు, ఎక్కడైనా టెంట్ వేసుకోవచ్చు.

రెండూ ఒకే మనిషి నోట వింటుంటాను. చెక్‌పోస్టుల్లో ఆపుతారు, గంజాయి కోసం సంచులు విప్పిస్తారు. నవ్వుతూ విప్పండి, గుర్తింపు కార్డు పైనే ఉంచుకోండి, దారిలో ఎవరైనా "ఈ పొట్లం కింద ఇచ్చెయ్యండి" అంటే ముట్టుకోకండి. టెంటు సంగతి: రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు, ఊరి పక్కన ఖాళీగా కనిపించేది ఎవరిదో చేనే. చీకటి పడకముందే ఊరి పెద్దను కలిసి అడిగితే బడి వరండా చూపించారు నాకు, ఒకటికి నాలుగుసార్లు. సామలు, రాజ్మా ఆరబెట్టిన కళ్లాల మీదుగా మాత్రం సైకిల్ పోనివ్వకండి.

అపోహ: లంబసింగి ఘాటీ దిగితే టూర్ అయిపోయినట్టే.

పొగమంచు విడిచేదాకా ఆగి ఎనిమిదికి బయల్దేరితే తొమ్మిదిన్నర, పదికల్లా నర్సీపట్నంలో ఉంటారు. అప్పటికి స్వెట్టర్ తడిసిపోతుంది, తల మీద ఎండ. ముందు ఇంకా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు మైదానం, అందులో చివరి భాగం అనకాపల్లి నుంచి లారీల హైవే. నాలుగు రోజుల అలసట అప్పుడే బయటపడుతుంది. ఈ ముక్క తొక్కి తీరాలని పట్టుబట్టేవాళ్లను ఆపను కానీ, నేను నర్సీపట్నంలో ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లు ఎక్కించేస్తాను. అనకాపల్లిలో బెల్లం కొనుక్కోవడానికి ఒకసారి ఆపిస్తాను.