విలువల కాగితానికి ముందు మన తెలంగాణ జిల్లాల్లో ఏం జరిగింది?

లీడర్‌షిప్ శిక్షణల్లో ఒక పని తరచూ చేయిస్తారు. నిజాయితీ, కుటుంబం, డబ్బు, స్వేచ్ఛ, సేవ... ఇలాంటి మాటలున్న కాగితం ఇచ్చి, మీకు ముఖ్యమైనవి ఉంచుకొని మిగతావి కొట్టెయ్యమంటారు. ఇంటర్ దాకా ర్యాంకుల మాటే విన్న పిల్లలకు అక్కడ పెన్ను ఆగిపోతుంది.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. విలువలను టీచరు నూరిపోయకూడదు, విద్యార్థే తేల్చుకోవాలి అని 1966లో లూయిస్ రాత్స్, మెరిల్ హార్మిన్, సిడ్నీ సైమన్ వాదించారు. వాళ్ల షరతు మాత్రం గట్టిది. స్వేచ్ఛగా ఎంచుకోవాలి, నలుగురిలో చెప్పుకోవాలి, మళ్లీ మళ్లీ చేసి చూపాలి. పదవి లేకున్నా నాయకత్వం ఉంటుందని, అది తనను తాను తెలుసుకోవడంతో మొదలవుతుందని 1990లలో హెలెన్, అలెగ్జాండర్ ఆస్టిన్ దంపతుల బృందం చెప్పింది.

చేసి చూపాలన్న షరతుతో చూస్తే, మన దగ్గర ఈ చదువు క్లాసురూములో మొదలు కాలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను యూనివర్సిటీ నుంచి బయటికి పంపితే, చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డి 1941లో చిలుకూరులో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షుడయ్యారు. తర్వాత ఆ భూస్వామ్యం మీదే పోరాటం నడిపారు. తాను పుట్టిన వర్గాన్నే కాదనుకోవడం కంటే పెద్ద కొట్టివేత ఏముంటుంది?

1969లో ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కారు. అదే ఏడాది సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి సందర్భంగా, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్, మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాక, కాలేజీలో నలుగురితో కలిసి పనిచేసి నేర్చుకునే చోట్లలో మిగిలిన ముఖ్యమైనది ఇదే.

నాకు ఈ చరిత్ర మొత్తంలో ఆ ఏడు రోజులే విలువైనవిగా కనిపిస్తాయి. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన నడుములు చూశాక, పాలమూరు పల్లెల్లో వలసపోయిన ఇళ్ల తాళాలు చూశాక, 'సేవ'ను ఉంచాలా కొట్టెయ్యాలా అన్నది వేరే ప్రశ్న అవుతుంది. కొందరికైతే ఆ తాళం తమ ఇంటిదే. అమ్మానాన్న పుణెలో మట్టి పని చేస్తుంటే, హాస్టల్లో ఉండి చదివే అమ్మాయి 'డబ్బు' దగ్గర టిక్కు పెడితే తప్పుపట్టడానికి మనమెవరం? ఆమె దృష్టిలో డబ్బు, కుటుంబం రెండు మాటలు కావు. దాన్ని స్వార్థంగా లెక్కేసే ట్రైనర్ ఆ కాగితాన్ని సరిగా చదవనట్టే.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. చూడాల్సిన ఊళ్లు ఇప్పుడు గేటు దాటితే ఉన్నాయి. ఆ కాగితాన్ని క్యాంపుకు ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఇంకోసారి ఇవ్వాలి. రెండుసార్లూ మార్కులు వేయకూడదు.