రింగులు సెట్ అవ్వాలంటే: డెల్టాలో కొత్త కారు

కోనసీమలో గానీ భీమవరం వైపు గానీ ఎవరైనా కొత్త కారు కొంటే, అది షోరూమ్ నుంచి ఇంటికి కాక ముందు గుడికి వెళ్తుంది. అన్నవరమో, వాడపల్లో, ద్వారకా తిరుమలో. చక్రాల కింద నిమ్మకాయలు నలిగిన దగ్గర్నుంచి సలహాలు మొదలవుతాయి. "వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటనివ్వకండి" అంటారు అంబాసిడర్ నడిపిన పెద్దాయన. "మొదట్లో ఎలా అలవాటు చేస్తే బండి అలాగే ఉంటుంది బావా, తొక్కెయ్" అంటాడు కుర్రాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ లెక్కలోకి తీసుకోనిది మన నేలని. డెల్టా రోడ్డు ఎంత దూరం పోయినా చదునే. కొత్త ఇంజన్‌కి అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

ఇంజన్‌లో పిస్టన్‌ని సిలిండర్‌కి బిగుతుగా పట్టేలా చేయరు. వేడికి వ్యాకోచిస్తుంది కాబట్టి చుట్టూ సన్నటి సందు వదులుతారు. ఆ సందుని మూసేవే రింగులు, మామూలుగా మూడు. పైవి మండిన గ్యాస్ కిందికి జారకుండా ఆపుతాయి. అడుగుది గోడ మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపుతుంది. మెకానిక్ "రింగులు సెట్ అవ్వాలండీ" అనేది వీటి గురించే.

ఆ గోడ అద్దంలా నున్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫ్యాక్టరీలో హోనింగ్ చేసి, ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుకునే సన్నని గీతలు కావాలనే పెడతారు. వెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే ఈ గీతల లోతు కొద్ది మైక్రాన్లే. ఆయిల్ నిలిచేది వాటిలోనే. గీతల మధ్య మిగిలిన మొనలు మొదట్లో కాస్త అరిగి, రింగు అంచు గోడ ఒంపుకి తగ్గట్టు కుదురుకుంటుంది. కొత్త రుబ్బురోట్లో ముందు తవుడు వేసి రుబ్బి, రాతి గరుకు పోయాకే పప్పు వేస్తారు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ గరుకంతా పోకూడదు, గీతలు మిగలాలి.

మరి రింగుని గోడకేసి నొక్కేది ఏది? రింగుకి సొంతంగా ఉండే స్ప్రింగు బలం కొంతే. అసలు పని చేసేది మండిన గ్యాస్. అది రింగు వెనకున్న గాడిలోకి దూరి, రింగుని గోడ వైపు తోస్తుంది. బండి గట్టిగా లాగుతున్నప్పుడు పెట్రోలు ఇంజన్‌లో ఈ పీడనం బయటి గాలి పీడనానికి 50 రెట్లు దాటవచ్చు, డీజిల్‌లో 100 రెట్లు దాటుతుంది. ఇంజన్ ఖాళీగా తిరుగుతుంటే అది బాగా తగ్గిపోతుంది. అంటే బండిని మరీ సుకుమారంగా నడిపితే రింగు గోడని సరిగా నొక్కదు. గీతల్లో ఉన్న ఆయిల్ వేడికి మాడి వార్నిష్‌లా గట్టి పొరై, గీతల్ని పూడ్చేస్తుంది. దీన్ని గ్లేజింగ్ అంటారు. ఒకసారి అలా నునుపెక్కిన గోడ మీద రింగు ఇక కుదురుకోదు. ఆయిల్ పైకెక్కి మండుతుంది, సైలెన్సర్‌లో నీలం పొగ వస్తుంది, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. రొయ్యల చెరువుల మీద పెద్ద డీజిల్ జనరేటర్ పెట్టి రాత్రంతా నీటికి గాలి పట్టించే ఏరేటర్లు రెండే తిప్పితే వచ్చే జబ్బు కూడా ఇదే. బరువు తక్కువైనా ఇంజన్ పాడవుతుందంటే నమ్మని వాళ్ళకి నేను చూపించేది ఆ జనరేటర్లనే.

అలాగని కుర్రాడు చెప్పినట్టు మొదటి రోజే అడుగంటా తొక్కితే, ఇంకా కుదురుకోని మొనల దగ్గర వేడి పుట్టి, ఆయిల్ పొర తెగి, గోడ గీరుకుపోయే ప్రమాదం ఉంది. ఓనర్ మాన్యువల్స్ చాలావాటిలో మొదటి 1,000 కిలోమీటర్లకి చెప్పేది రెండే మాటలు: ఫుల్ థ్రాటిల్ వద్దు, ఒకే వేగంతో ఎక్కువసేపు వద్దు. మొదటి మాట అందరికీ గుర్తుంటుంది. మన ప్రాంతంలో ముఖ్యమైంది రెండోది.

రావులపాలెం నుంచి తణుకు వైపు జాతీయ రహదారి ఎక్కి, టాప్ గేర్‌లో 80 మీద పెట్టారనుకోండి. ఎక్సలేటర్ మీద కాలు ఆనించినట్టే ఉంటుంది, ఆర్‌పీఎం ముల్లు కదలదు. దారిలో ఎక్కుడంటూ ఏదైనా ఉంటే అది సిద్ధాంతం ఊరి దగ్గర వశిష్ఠ గోదావరి మీది వంతెన లాంటిదే. 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి, కాలువల్లో నీటిని దాని దారిన దాన్ని సముద్రం దాకా పారించగలిగాడంటే, ఈ నేల అంత నెమ్మదిగా వాలుతుంది కాబట్టే. వరికి వరమైన ఆ వాలు ఇంజన్‌కి లోడ్ ఇవ్వదు. కాబట్టి లోడ్ మనమే ఇవ్వాలి. ఇంజన్ వేడెక్కాక, రోడ్డు ఖాళీగా ఉన్నచోట మూడో గేర్‌లో 40 నుంచి 65 దాకా స్థిరంగా లాగించి, కాలు తీసి బండిని దానంతటదే 40కి దిగనివ్వాలి. లాగేటప్పుడు రింగులు గోడకి నొక్కుకుంటాయి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో పీడనం పడిపోయి కాస్త ఆయిల్ పైకొచ్చి వాటిని తడుపుతుంది.

ఆ లెక్కన హైవే కన్నా కాలువ గట్టు రోడ్డే నయం. ఊరికో రెండు స్పీడ్ బ్రేకర్లు, అడ్డొచ్చే గేదెలు, మలుపు తిరగ్గానే ఎదురయ్యే ట్రాక్టరు, అన్నీ కలిసి మీ చేత గేర్లు మార్పిస్తూనే ఉంటాయి. అన్నవరం కొండ ఎక్కడమూ మంచిదే, చిన్న కారులో ఏడుగుర్ని కుక్కకపోతే. పనికిరానిదల్లా పొద్దున్నే గుమ్మం ముందు స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేయడం. మనకి సంక్రాంతి చలిలో కూడా అంత అవసరం లేదు. అర నిమిషం ఆగి, మెల్లగా కదిలిస్తే చాలు.

పెద్దాయనని తప్పుపట్టడానికీ లేదు. ఆయన కాలంలో సిలిండర్ గోడలు ఇంకా గరుకుగా వచ్చేవి, ఆయిల్ నాణ్యతా అంతంతమాత్రమే. ఇప్పుడు మొనల్ని ఫ్యాక్టరీలోనే చాలావరకు తీసేస్తున్నారు. ఒకరోజు హైవే మీద పోయినంత మాత్రాన కారు పాడైపోదు, అంత టెన్షన్ అక్కర్లేదు.

బ్రేకులకీ ఈ రోజులు అవసరమే. ప్యాడ్ పదార్థం పల్చటి పొరగా డిస్క్‌కి అంటుకున్నాకే పట్టు పూర్తిగా వస్తుంది. 60 నుంచి 20 దాకా మధ్యస్థంగా నొక్కి వదిలి, కాస్త చల్లారనిచ్చి మళ్ళీ నొక్కాలి. కారు కడిగిన మర్నాడు చక్రం సందులోంచి చూస్తే డిస్క్ మీద గోధుమరంగు తుప్పు కనిపిస్తుంది, కదలగానే గరగరమంటుంది. డిస్క్ పోత ఇనుము, మన గాలేమో చెమ్మ. రెండు బ్రేకులు వేస్తే పోతుంది, షోరూమ్‌కి ఫోన్ చేయక్కర్లేదు. కొత్త టైర్ల మీద అచ్చులోంచి ఊడటానికి పూసిన పదార్థం మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మిగిలి ఉంటుంది, అందాకా వానలో జాగ్రత్త. ఎలక్ట్రిక్ కారుకి రింగుల గొడవ లేదు. కానీ మోటారే వేగాన్ని తగ్గించేస్తుంది కాబట్టి బ్రేకులు సెట్ అవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

మొదటి రోజుల్లో మాడు వాసన వస్తే మామూలుగా అది ఎగ్జాస్ట్ గొట్టాల మీది పూత కాలే వాసన. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కానీ సార్వా కోతలప్పుడో దాళ్వా కోతలప్పుడో కారు దిగిందంటే మాత్రం ఆ మాట నమ్మి ఊరుకోవద్దు. రోడ్డు మీద ఆరబోసిన గడ్డి బండి కిందికి చుట్టుకుని పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దగ్గర చిక్కుకుంటుంది. అక్కడ వేడి కొన్ని వందల డిగ్రీలు. ఆపి, వంగి, ఓసారి అడుగు చూడండి. గడ్డి కుప్ప మీద పార్కింగ్ అసలే వద్దు.

ఇక ఆయిల్. మొదటి సర్వీసు చాలా కంపెనీలకి నెల లేదా 1,000 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అప్పుడు ఆయిల్ మార్చమని పట్టుబట్టకుండా మాన్యువల్ చూడండి. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ని ముందే తీయవద్దని చెబుతాయి. అందాకా వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీసి చూడండి. రింగులు కుదురుకునేలోపు మట్టం కొద్దిగా తగ్గొచ్చు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక కూడా తగ్గుతూనే ఉంటే, ప్రతి తనిఖీలో మట్టమూ మీటరు రీడింగూ రాసుకుని, వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌లో చూపించండి.