ఇత్తడి సామాను గురించి పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

అటక మీది ఇత్తడి సామానును తలా కొంచెం పంచుకుని మీ ఇళ్ళలో అలంకరించుకుంటామని మీరు రాసినందుకు ఎంతో సంతోషించాను. అయితే తోమడానికి కూర్చునే ముందు ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, అది దేనితో, ఎలా చేసినదో చూడండి. పాత ఇత్తడి మూల పడి ఉండటం వల్ల కంటే అతిగా తోమడం వల్లనే ఎక్కువగా పాడవుతుందని నా నమ్మకం.

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. అందులో ఎక్కువ భాగం రాగే. అయస్కాంతం పెట్టినప్పుడు గట్టిగా అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత పూసినదని తెలుసుకోండి. అటువంటి దానిని పులుపుతో రుద్దితే పూత పోయి తుప్పు బయటపడుతుంది కనుక తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. మెరుపు నిలవడానికి వార్నిష్ పూసిన కొత్త బొమ్మలకూ అంతే.

వేంకటేశ్వరస్వామి పటం పెంబర్తి పనితనం. జనగామ దగ్గరి ఆ ఊళ్ళో పనివారు పల్చని ఇత్తడి రేకును లక్క మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో ఒక్కొక్క దెబ్బే వేస్తూ రూపాన్ని పైకి తేలుస్తారు. వెనుకవైపు బోలుగా ఉంటుంది కాబట్టి బొటనవేలితో గట్టిగా అదిమినా సొట్ట పడుతుంది. కిరీటం మీది సన్నని చుక్కలు, హారాల గీతలు ఒకసారి అరిగాయంటే తిరిగి రావు. ఆ గీతల సందుల్లో నిలిచిన నలుపును పూర్తిగా తీసేయాలని చూడకండి. ఆ నీడ వల్లనే బొమ్మ కంటికి తేటగా కనబడుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి చెంబులు మందమైనవి, కొంచెం గట్టిగా తోమినా ఓర్చుకుంటాయి.

దీపపు కుందులకు ముందుగా జిడ్డు వదిలించాలి. నూనె పేరుకున్న చోట పులుపు లోహాన్ని తాకదు, అందుకే ఎంత తోమినా మరకలు మిగిలిపోతాయి. వేడినీళ్ళలో కాసేపు ఉంచి, శనగపిండితో గానీ కుంకుడు రసంతో గానీ రుద్ది కడిగిన తరువాతనే నానబెట్టిన చింతపండు పిప్పికి చిటికెడు ఉప్పు చేర్చి పట్టించండి. చింతపండులోని ఆమ్లం పైనున్న నల్లని పొరను కరిగిస్తుంది. రెండు మూడు నిమిషాలు చాలు. గంటల తరబడి వదిలేస్తే తుత్తునాగం కరిగిపోయి, రాగి మిగిలి, అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు తేలతాయి. ఉప్పు సరిగా కడగకపోతే పచ్చని చిలుము పడుతుంది. కాబట్టి రెండు నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో మూలమూలలా తుడిచి, కాసేపు ఎండలో పెట్టండి. నగిషీ ఉన్న చోట మెత్తని పళ్ళ బ్రష్ వాడండి, ఇనుప పీచు మాత్రం ముట్టించవద్దు. ఇటుకపొడితో తోమడం నీళ్ళ బిందెలకూ గంగాళాలకూ చెల్లింది కానీ బొమ్మలకు తగదు.

అలంకరణ విషయానికి వస్తే, ఉన్నవన్నీ ఒకే గదిలో పేర్చకండి. ముదురు రంగు చెక్క బల్ల మీద ఒక్క కుంది పెట్టినా గది నిండుగా ఉంటుంది. గుమ్మం పక్కన గంగాళంలో నీళ్ళు పోసి పూలు వేస్తామన్నారు, ముచ్చటగా ఉంటుంది. కానీ నీళ్ళు రోజూ మార్చండి, లేకపోతే దోమలూ చేరతాయి, నీటిమట్టం దగ్గర చారా కడుతుంది. విశాఖలో ఉన్నవారు కిటికీకి దూరంగా పెట్టుకోండి, సముద్రపు గాలికి ఇత్తడి త్వరగా నల్లబడుతుంది.

గుండిగలో పులిహోర కలపాలని ఎవరికైనా అనిపిస్తే ముందు కళాయి వేయించండి. తగరం పూత లేని ఇత్తడిలో పులుపు చిలుమెక్కుతుంది, అది తినకూడదు. పన్నీరు బుడ్డి మెడ వదులుగా ఉంది, జిగురు పెట్టి అతికించకండి; సంక్రాంతికి తీసుకొస్తే ఇక్కడి కంచరి చేత అతుకు వేయిస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ