బ్యాటరీ అడగని కాంతి గ్రాహకాలు: ఒక పాత ఆలోచన, కొత్త పొరలు

తిరుపతి గాంధీరోడ్డు దుకాణాల్లో లెక్కలకు వాడే సౌర క్యాలిక్యులేటర్లలో బ్యాటరీ లేని రకం ఒకటుంది. దాని పైభాగంలోని నల్లటి పట్టీని బొటనవేలితో మూస్తే అంకెలు వెలిసిపోతాయి, వేలు తీస్తే తిరిగి వస్తాయి. బయటి విద్యుత్తు లేకుండా వెలుగును పసిగట్టే నానో పరికరాలను నేడు ‘స్వయంశక్తి’ గ్రాహకాలన్న పేరుతో కొత్త ఆవిష్కరణలుగా చెబుతున్నారు గానీ, వాటి మూలసూత్రం ఈ పట్టీలోనే ఉంది.

వెలుగు పడితే విద్యుత్తు పుడుతుందన్న ఆ సూత్రాన్ని 1839లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్మండ్ బెకరెల్ గమనించాడు. 1876లో ఆడమ్స్, డే అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు బ్యాటరీ తగిలించని సెలీనియం నుంచే వెలుగుతో విద్యుత్తు రాబట్టారు. 1940లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రస్సెల్ ఓల్ మధ్యలో బీట ఉన్న ఒక సిలికాన్ ముక్కను పరీక్షిస్తుండగా, వెలుగు పడినప్పుడల్లా అందులో వోల్టేజీ పుట్టింది. బీటకు రెండు వైపులా వేర్వేరు మాలిన్యాలు పేరుకోవడమే కారణమని తేలింది. అలా వేర్వేరు మాలిన్యాలున్న రెండు భాగాలు కలిసే చోటు, అంటే పీ-ఎన్ సంధి, బయటపడింది. వెలుగు విడిపించిన ఆవేశాలను చెరోవైపుకు లాగే విద్యుత్ క్షేత్రం ఆ సంధిలో సహజంగానే ఉంటుంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన 1954లోనే బెల్ సంస్థ సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపింది.

అయినా గ్రాహకాలకు బయటి వోల్టేజీ ఇవ్వడమే పరిపాటి అయింది, ఎందుకంటే దానివల్ల స్పందన వేగమూ సున్నితత్వమూ పెరుగుతాయి. లేజర్ వెలుగును పైకి పంపి వాతావరణాన్ని పరిశీలించే, గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల లైడార్‌లో వలె, ఆకాశం నుంచి తిరిగొచ్చే అతి సన్నని వెలుగును పట్టాలంటే ఆ వెలుగు పుట్టించే సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచే ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు కావాలి, వాటికి వెయ్యి వోల్టుల దరిదాపు పెట్టాలి. సిలికాన్ వంటి అర్ధవాహక గ్రాహకాల్లోనైతే వోల్టేజీ పెట్టినందుకు చీకట్లోనూ కొంత విద్యుత్తు పారుతుంది, ఆ రొదలో బలహీనమైన సంకేతం మునిగిపోతుంది.

ఆ వోల్టేజీ లేకుండా పనిచేసే సంధులు చేయడానికే పొరల పదార్థాలు అక్కరకొచ్చాయి. గూడూరు వైపు అభ్రకాన్ని చూసినవారికి రేకు మీద రేకు గోటితో ఊడిరావడం తెలుసు. బంధాల తీరు వేరైనా, గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్ కూడా అలాగే విడిపోతాయి. 2004లో గైమ్, నొవొసెలొవ్ అనే శాస్త్రవేత్తలు అంటుకునే టేపుతో గ్రాఫైట్ నుంచి ఒకే అణువంత మందం ఉన్న పొరను, అంటే గ్రాఫీన్‌ను, వేరుచేశారు. మాలిబ్డినం డైసల్ఫైడ్‌ను ఒకే పొరకు, అంటే సుమారు 0.65 నానోమీటర్లకు తగ్గిస్తే అది వెలుగుతో మరింత బలంగా స్పందిస్తుందని 2010లో తేలింది. పొరల ఉపరితలాల మీద తెగిన బంధాలు ఉండవు కనుక, స్ఫటిక నిర్మాణాలు సరిపోలకపోయినా ఒకదానిపై మరొకటి పేర్చవచ్చు. పాత సిలికాన్ పద్ధతులకు ఈ వెసులుబాటు లేదు. 2014 నాటికి ఈ డైసల్ఫైడ్‌ను ఇలాంటి మరో పొరల పదార్థమైన టంగ్‌స్టన్ డైసెలెనైడ్‌తో జతచేసి అణుపొరల పీ-ఎన్ సంధులు తయారుచేశారు.

అయితే ఒక్క పొర తనమీద పడిన వెలుగులో చాలా భాగాన్ని వదిలేస్తుంది, పొరలు పెంచితే ఆవేశాలు దాటాల్సిన దూరం పెరుగుతుంది. పైగా ‘స్వయంశక్తి’ అన్న మాట గ్రాహకం వరకే నిజమని స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అది ఇచ్చే నానో ఆంపియర్ల సంకేతాన్ని పెంచి చదివే సర్క్యూట్‌కు ఇప్పటికీ కరెంటు కావాల్సిందే.