సంస్కృత వ్యాకరణం: శ్లోకాలు నోటికొచ్చినవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

సాయంత్రం పూట పెద్దవాళ్ళకు సంస్కృతం చెబుతుంటాను. వచ్చేవాళ్ళలో చాలామందికి ఏదో ఒకటి ముందే నోటికొచ్చి ఉంటుంది: విష్ణు సహస్రనామం, గీతలో ఒకటి రెండు అధ్యాయాలు, రామరక్ష. "శ్లోకాలు వచ్చండీ, వ్యాకరణమంటేనే భయం" అంటారు. ఆ భయం చాలావరకు విన్న మాటల వల్ల వచ్చిందే. తరచుగా నా చెవిన పడేవాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: వ్యాకరణం పూర్తిచేశాకే గ్రంథం ముట్టుకోవాలి. అందుకు పన్నెండేళ్ళు కావాలి.

పన్నెండేళ్ళ మాట పంచతంత్రం కథాముఖంలో ఉన్నదే. అయితే అది అక్కడ ఎందుకొచ్చిందో కూడా చూడాలి. అన్నేళ్ళు ఆగే వీలు లేదు కాబట్టి, రాజకుమారులకు ఆరు నెలల్లో కథలతో నీతిశాస్త్రం చెబుతానని విష్ణుశర్మ పూనుకున్నాడు. కథాసరిత్సాగరంలో శాతవాహన రాజు కథదీ ఇదే దారి. జలక్రీడలో రాణి "మోదకైః" కొట్టమంటే రాజుగారు లడ్లు తెప్పించాడు. ఆమె అన్నది మా + ఉదకైః, "నీళ్ళతో కొట్టకు" అని. గుణసంధి తెలియక నవ్వులపాలైన రాజుకు గుణాఢ్యుడు ఆరేళ్ళలో నేర్పుతానన్నాడు, శర్వవర్మ ఆరు నెలలు చాలన్నాడు. కాతంత్ర వ్యాకరణం అలా పుట్టిందని కథ. సులువు దారుల కోసం వెతకడం ఈనాటి బద్ధకమేమీ కాదు.

మీకు వచ్చిన శ్లోకంతోనే మొదలుపెట్టవచ్చు. రామరక్షలో "రామో రాజమణిః" శ్లోకం చూడండి. రామః ప్రథమ, "రామం రమేశం భజే" ద్వితీయ, "రామేణాభిహతా" తృతీయ, "రామాయ తస్మై నమః" చతుర్థి, "రామాన్నాస్తి పరాయణం పరతరం" పంచమి, "రామస్య దాసోఽస్మ్యహం" షష్ఠి, "రామే చిత్తలయః" సప్తమి, "భో రామ" సంబోధన. శబ్దమంజరి (శబ్దరూపాల పట్టికల పుస్తకం) మొదటి పేజీలోని ఏకవచనమంతా ఇందులో ఉంది. పైగా ఏ విభక్తి ఎందుకు వచ్చిందో కూడా కనిపిస్తుంది. నమః ఉంది కాబట్టి చతుర్థి. "రాముడి కంటే" అని పోలిక కాబట్టి పంచమి. బడిలో "వలనన్, కంటెన్, పట్టి" అని వల్లించిన పంచమి ఇదే. ద్వివచనం, బహువచనం మాత్రం ఈ శ్లోకంలో దొరకవు. వాటికి వేరే చోటికి వెళ్ళాలి.

అపోహ: అయితే గీత పారాయణ చేస్తూ పోతే వ్యాకరణం దానంతటదే వస్తుంది.

రాదు. "సర్వధర్మాన్ పరిత్యజ్య" శ్లోకం రోజూ చదివేవాళ్ళను చివరి "మా శుచః" ఏమిటని అడిగితే, సగం మంది "శుచి"కి సంబంధించినదేదో అనుకుంటారు. అది క్రియ, శుచ్ ధాతువుకు లుఙ్ (ఒక భూతకాల) రూపం. నిషేధించే "మాఙ్" పక్కన లుఙ్ వస్తుంది. అప్పుడు ముందుండాల్సిన అడాగమం, అంటే "అశుచః"లోని "అ", పోతుంది. "దుఃఖించకు" అని అర్థం. ఈ ఒక్క శ్లోకంలో పరిత్యజ్య ల్యబంతం ("విడిచి"), వ్రజ లోట్ (ఆజ్ఞ), మోక్షయిష్యామి లృట్ (భవిష్యత్తు), శుచః లుఙ్. ఎన్నిసార్లు పారాయణ చేసినా ఈ విభజన చెవికి అందదు, ఎవరో ఒకరు విప్పి చూపాలి. విప్పిన తర్వాత మాత్రం శ్లోకం నోటికొచ్చి ఉండటం గొప్ప పెట్టుబడి. ఉదాహరణ కోసం పుస్తకం తెరవనక్కర్లేదు.

మొదటి శ్లోకంలోని "యుయుత్సవః" కూడా అంతే. యుధ్ ధాతువుకు కోరిక అర్థంలో సన్ ప్రత్యయం, దానివల్ల ద్విత్వం, ఆపైన ఉ ప్రత్యయం. ఈ లెక్క తెలిస్తే జిజ్ఞాస, పిపాస, ముముక్షువు, శుశ్రూష ఒకే ఇంటివని తెలుస్తుంది. క్లాసులో అందరి ముఖాలూ వెలిగేది ఇక్కడే.

అపోహ: శాస్త్రగ్రంథంలో ఉన్న ప్రతి రూపమూ వ్యాకరణకర్త పాణిని ప్రకారమే ఉంటుంది.

గీత 11వ అధ్యాయంలో "సఖేతి మత్వా ప్రసభం యదుక్తం హే కృష్ణ హే యాదవ హే సఖేతి" అని ఉంది. ఒకే శ్లోకంలో సఖేతి రెండుసార్లు. మొదటిది సఖా + ఇతి, చక్కని గుణసంధి. రెండోది సంబోధన, సఖే + ఇతి. నియమం ప్రకారం "సఖ ఇతి" అనో "సఖయితి" అనో ఉండాలి. ఇలాంటివాటిని ఆర్షప్రయోగాలు, అంటే ఋషుల వాడుకలు, అంటారు. 10వ అధ్యాయంలో "సేనానీనామహం స్కందః" కూడా ఆ కోవదే, పాణినీయ రూపం "సేనాన్యామ్". వేదానికి వస్తే "భద్రం కర్ణేభిః"లో కర్ణేభిః తప్పు కాదు. లోకంలో కర్ణైః, ఛందస్సులో అంటే వేదంలో కర్ణేభిః కూడా ఉంటుందని "బహులం ఛందసి" సూత్రంతో పాణినే చెప్పాడు. కాబట్టి పవిత్ర గ్రంథాన్ని పాఠంగా పెట్టుకోండి. కానీ అందులో కనిపించిన ప్రతి రూపాన్నీ మీ రచనలోకి తెచ్చుకోకండి.

అపోహ: బట్టీ కాలం చెల్లిన పద్ధతి.

రామ, హరి, గురు, రమా, మతి, నదీ, జ్ఞాన శబ్దాలు, భూ ధాతువు రూపాలు కంఠస్థం చేయక తప్పదు. వాక్యం మధ్యలో పట్టిక వెతుక్కుంటూ కూర్చుంటే చదువు సాగదు. అలాగని పది శబ్దాలు వల్లించి "రామేణ" అంటే ఏమిటో చెప్పలేని స్థితి వస్తే తప్పు బట్టీది కాదు, బట్టీ దగ్గరే ఆపేసిన పాఠానిది.

అమరకోశం సంగతీ అంతే. పర్యాయపదాలు ఫోన్‌లో దొరుకుతాయి కదా అంటారు. దాని అసలు పేరు నామలింగానుశాసనం, లింగం చెప్పడం దాని పనిలో సగం. "కాయో దేహః క్లీబపుంసోః స్త్రియాం మూర్తిస్తనుస్తనూః" అన్నప్పుడు రెండు పాదాల్లోనే దేహశబ్దం నపుంసకంలోనూ పుంలింగంలోనూ ఉంటుందని, మూర్తి, తను, తనూ స్త్రీలింగాలని తేల్చేశాడు.

అపోహ: తెలుగువాళ్ళకు సంస్కృతం సగం వచ్చినట్టే.

తత్సమాలు మోసం చేసినంతగా మరేవీ చేయవు. "వ్యవసాయాత్మికా బుద్ధిః" అని గీతలో వస్తే పొలం గుర్తుకొస్తుంది, అక్కడ వ్యవసాయమంటే నిశ్చయం. లింగం ఇంకా ఇబ్బంది. వృక్షము, గ్రంథము, పర్వతము మనకు "ము"తో ముగుస్తాయి కాబట్టి మావాళ్ళు "వృక్షమ్ అస్తి" అనేస్తారు. సంస్కృతంలో ఆ మూడూ పుంలింగాలే.

విభక్తుల దగ్గర అసలు చిక్కు. "దొంగలకు భయపడతాడు" అన్న తెలుగును పట్టుకుని "చోరేభ్యః బిభేతి" అని రాస్తారు, అదృష్టవశాత్తు సరిపోతుంది, చతుర్థీ పంచమీ బహువచనాలు ఒకేలా ఉంటాయి కనుక. ఒక్క దొంగ కాగానే "చోరాయ బిభేతి" అని బయటపడిపోతారు. "భీత్రార్థానాం భయహేతుః" సూత్రం ప్రకారం భయానికి కారణమైనది అపాదానం ("దేని నుంచి" అన్న కారకం), పంచమి రావాలి: చోరాద్ బిభేతి. తెలుగు విభక్తి ప్రత్యయాన్ని సంస్కృత విభక్తికి అతికించడం కాదు, ముందు కారకం, అంటే క్రియతో ఆ పదానికి ఉన్న సంబంధం, ఏదో అడగాలి.

తెలుగు సాయపడే చోట్లూ ఉన్నాయి. భట్టోజి దీక్షితుడి వ్యాకరణ గ్రంథం కౌముదిలోని "హరయే రోచతే భక్తిః" ఉత్తరాది విద్యార్థులకు ఎలా ఉంటుందో గానీ, "హరికి భక్తి నచ్చుతుంది" అనే మనకు వివరణే అక్కర్లేదు. "లేచి, స్నానం చేసి, గుడికి వెళ్ళాడు" అనే మన వరుస "ఉత్థాయ స్నాత్వా దేవాలయమ్ అగచ్ఛత్"లో యథాతథంగా దిగుతుంది. ఉపసర్గ ఉంటే ల్యప్ (ఉత్థాయ), లేకుంటే క్త్వా (స్నాత్వా), అంతే తేడా. "ఏదైతే... అది" అని కలిపే యద్-తద్ వాక్యాలు మాత్రం మన నాలుకకు పరాయివి. వాటికి కొంత సాధన కావాలి.

అపోహ: సంస్కృతంలో పదాలు ఎటు తిప్పినా అర్థం మారదు. కాబట్టి వరుస గురించి పట్టించుకోనక్కర్లేదు.

కవికి అక్కర్లేదు, చదివేవాడికి కావాలి. సంప్రదాయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అన్వయం చెప్పే పద్ధతి. వ్యాకరణం, గ్రంథం కలిసేది అక్కడే. నేటి పుస్తకాల్లో ఇదే ఎక్కువగా తప్పిపోయింది. "పదచ్ఛేదః పదార్థోక్తిర్విగ్రహో వాక్యయోజనా" అని వ్యాఖ్యాన లక్షణం చెప్పారు: పదాలు విడదీయడం, అర్థం చెప్పడం, సమాసం విప్పడం, వాక్యం కూర్చడం. తర్వాతే ఆక్షేపమూ సమాధానమూ.

రఘువంశం మొదటి శ్లోకం తీసుకోండి:

వాగర్థావివ సంపృక్తౌ వాగర్థప్రతిపత్తయే ।
జగతః పితరౌ వందే పార్వతీపరమేశ్వరౌ ॥

క్రియ ఏది? వందే. ఆత్మనేపదం, ఉత్తమ పురుష ఏకవచనం కాబట్టి కర్త "అహమ్", వేరే చెప్పనక్కర్లేదు. ఇక క్రియను పట్టుకుని ప్రశ్నలు వేయాలి. కౌ వందే? పార్వతీపరమేశ్వరౌ. కథంభూతౌ? సంపృక్తౌ, కలిసి ఉన్నవాళ్ళను. కావివ? వాగర్థావివ, మాటా అర్థమూ లాగా. పునః కథంభూతౌ? పితరౌ. కస్య? జగతః. కిమర్థమ్? వాగర్థప్రతిపత్తయే. ప్రతి ప్రశ్నకూ జవాబు విభక్తిలోనే ఉంది. కౌ అని ద్వివచనంతో అడిగాం కాబట్టి జవాబూ ద్వివచనమే కావాలి. రామరక్షలో దొరకని ద్వివచనం ఇక్కడ నాలుగుసార్లు వచ్చింది. పితరౌ అంటే ఇద్దరు తండ్రులు కాదు, "పితా మాత్రా" సూత్రంతో ఏకశేషం (రెండు పదాల్లో ఒకటే మిగలడం), తల్లిదండ్రులు. వాగర్థౌ + ఇవ కలిసి వాగర్థావివ కావడం "ఏచోఽయవాయావః" సూత్రం వల్ల, అచ్చు ముందు ఔ "ఆవ్" అవుతుంది. ఒక్క శ్లోకానికి ఒక సాయంత్రం పడుతుంది. పట్టనివ్వండి.

ఇలా క్రియ నుంచి ప్రశ్నలతో వెళ్ళడం ఖండాన్వయం, కర్త నుంచి వరుసగా వాక్యం కూర్చడం దండాన్వయం. "ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా" అని చెప్పి మరీ కాళిదాసును వ్యాఖ్యానించిన మల్లినాథసూరి మన మెతుకుసీమ (మెదక్) కొలిచెలమవాడు. ఆయన సంజీవిని వ్యాఖ్య పక్కన పెట్టుకుని రఘువంశం రెండు సర్గలు చదివినవాడికి సమాసాలంటే భయం పోవడం చాలాసార్లు చూశాను.

ఇలా వ్యాఖ్యానం చేతికి తీసుకోకుండా ముందుకు సాగనివ్వని కావ్యం ఒకటుంది, భట్టికావ్యం. రామకథ చెబుతూ వ్యాకరణం నేర్పుతుంది. 22 సర్గల్లో చివరి తొమ్మిదీ తిఙంత (క్రియారూపాల) కాండ, ఒక్కో సర్గకు లిట్, లుఙ్ లాంటి ఒక్కో లకారం. "వ్యాఖ్యాగమ్యమిదం కావ్యమ్" అని కవే ఒప్పుకున్నాడు. దాన్ని మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వను.

అపోహ: అష్టాధ్యాయే అసలు దారి, కౌముది దొడ్డిదారి. (దీని తిరగేసిన రూపం: అష్టాధ్యాయి ఎవరూ చదవక్కర్లేదు.)

పాణిని రాసిన అష్టాధ్యాయి సుమారు 4,000 సూత్రాలు, 8 అధ్యాయాలు, 32 పాదాలు. అందులో ముందు సూత్రంలోని మాట తర్వాతి సూత్రాల్లోకి దిగుతుంది. దాన్నే అనువృత్తి అంటారు. యణాదేశం చెప్పే "ఇకో యణచి" తర్వాత "ఏచోఽయవాయావః"లో "అచి" (అచ్చు వస్తే) కనిపించదు గానీ ఉంటుంది. రెండు సూత్రాలు పోటీపడితే తర్వాతిది గెలుస్తుందన్న "విప్రతిషేధే పరం కార్యమ్" కూడా వరుస తెలిస్తేనే పనిచేస్తుంది. కౌముది ఈ వరుసను చెదరగొట్టి సంధి ఒక చోట, శబ్దాలు ఒక చోట పెట్టింది. వరుస పోయింది, రూపసిద్ధి సులువైంది. ఈ మార్పు భట్టోజి దీక్షితుడితో మొదలవలేదు, రూపావతారం, ప్రక్రియాకౌముది ఆయన కంటే ముందువే. ఆయన శిష్యుడు వరదరాజు లఘుకౌముది సుమారు 1,270 సూత్రాలతో "పాణినీయప్రవేశాయ" అని, అంటే లోపలికి వెళ్ళడానికే, రాశాడు. గుమ్మాన్ని ఇల్లనుకోవడమూ, గుమ్మం వద్దని గోడ దూకడమూ రెండూ చూస్తున్నాను.

పండితుల్లో ఒక చాటువుంది: "కౌముదీ యది కంఠస్థా వృథా భాష్యే పరిశ్రమః, కౌముదీ యద్యకంఠస్థా వృథా భాష్యే పరిశ్రమః". కౌముది వస్తే మహాభాష్యం (పాణిని సూత్రాలపై పతంజలి వ్యాఖ్య) కోసం శ్రమ వృథా, రాకపోయినా వృథాయే. రెండో సగంలో యది + అకంఠస్థా, అదే "ఇకో యణచి". అతిశయోక్తి అన్నది స్పష్టమే. జగన్నాథ పండితరాయలు, మన తెలుగువాడే, కౌముదిపై భట్టోజే రాసుకున్న వ్యాఖ్య ప్రౌఢమనోరమను చీల్చి చెండాడుతూ ఒక గ్రంథమే రాశాడు. కాబట్టి కౌముది మార్గం మీద తగువులు కొత్తవి కావు, ఫేస్‌బుక్‌లో పుట్టలేదు.

అపోహ: దేవనాగరి రాకపోతే సంస్కృతం రాదు.

1854 నుంచి వావిళ్ళవారు తెలుగు లిపిలో సంస్కృత గ్రంథాలు అచ్చువేశారు, తరాల తరబడి వాటితోనే చదివారు. ఒక్క జాగ్రత్త: మనం అన్నిచోట్లా సున్న పెడతాం. శంకరలో పలికేది ఙకారం, సంజయలో ఞకారం అని పరసవర్ణ సూత్రం (సున్న తర్వాతి అక్షరపు వర్గంలోని అనునాసికంగా మారడం) చెప్పేటప్పుడు గుర్తుచేసుకోవాలి. నాగరి ఎలాగూ తర్వాత కావాలి, ఎక్కువ పుస్తకాలు అందులోనే ఉన్నాయి.

అపోహ: నాసా సంస్కృతాన్ని కంప్యూటర్ భాషగా ఎంచుకుంది.

1985లో ఏఐ మ్యాగజైన్‌లో రిక్ బ్రిగ్స్ ఒక వ్యాసం రాశాడు. వాక్యార్థాన్ని శాస్త్రకారులు విడమరిచి చెప్పే తీరుకు, కృత్రిమ మేధలో జ్ఞానాన్ని నమోదు చేసే పద్ధతికి పోలిక చూపాడు. అది ఒక పరిశోధకుడి వ్యాసమే, సంస్థ నిర్ణయం కాదు. వాట్సాప్‌లో మిగతాది పెరిగింది.

అపోహ: సంభాషణ శిబిరానికి వెళ్తే పది రోజుల్లో గ్రంథాలు చదవవచ్చు.

శిబిరాలు మంచివే, నోరు పెగులుతుంది. కానీ రూపాల బరువు తగ్గించడానికి అక్కడ "త్వమ్" బదులు "భవాన్", భూతకాలానికి "గతవాన్, పృష్టవాన్" నేర్పుతారు. గ్రంథం తెరిస్తే జగామ, ఉవాచ, బభూవ. సంక్షేప రామాయణం (వాల్మీకి రామాయణం మొదటి సర్గ) మొదటి శ్లోకంలోనే "నారదం పరిపప్రచ్ఛ" ఎదురవుతుంది. శిబిరం నుంచి వచ్చినవాళ్ళకు నేను ముందుగా ఇచ్చే పని ఆ నూరు శ్లోకాల సర్గే: ప్రతి శ్లోకంలో క్రియ కింద గీత గీయడం, అది లిట్ (జగామ లాంటి భూతకాల రూపం) అయితే పక్కన తమకు తెలిసిన క్తవతు (గతవాన్ లాంటి) రూపం రాసుకోవడం. పరిపప్రచ్ఛ పక్కన పరిపృష్టవాన్. దాంతోపాటే శబ్దమంజరి, వారానికి రెండు శబ్దాలు. లఘుకౌముది సంధి ప్రకరణాలు ఆ సర్గ అయ్యాక.