చైనా తివాచీలో ఎడమ స్వస్తిక్: దయచేసి అంచు కోసెయ్యకండి!

డాలస్‌లో తివాచీలు ఉతికి, బాగుచేసే పని నాది. ఎస్టేట్ సేల్‌లో పాత చైనా తివాచీ చవగ్గా దొరికిందని సంబరంగా తెచ్చుకున్న మనవాళ్లు వారం తిరక్కుండా ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే మాట. "అన్నా, అంచు నిండా స్వస్తిక్‌లే. అదీ ఎడమవైపు తిరిగి ఉన్నాయి. మా అత్తయ్యగారు ఇంట్లో ఉంచొద్దంటున్నారు."

అపోహ: ఎడమ స్వస్తిక్ అరిష్టం. కాకపోతే నాజీల గుర్తు.

రెండూ కాదు. బౌద్ధంతో పాటు వెళ్లి చైనాలో స్థిరపడ్డ గుర్తు అది. బౌద్ధుల దగ్గర ఎడమవైపు తిరిగిందే ఎక్కువగా కనిపిస్తుంది. క్రీ.శ. 693లో మహారాణి వు జెటియన్ ఏలుబడిలో దాన్ని ‘వాన్’ అని, అంటే పదివేలు అని, చదవాలని ఖాయం చేశారు. అంచు పొడుగునా ఆ గుర్తుల్ని గొలుసులా కలిపి నేశారంటే, ఆ ఇంటికి అంతులేని ఆయుష్షు, సిరి కోరినట్టు. నాజీలది ఎర్ర గుడ్డ మీద తెల్ల వృత్తంలో వాల్చి పెట్టిన నల్ల గుర్తు. పైగా అది కుడివైపు తిరిగింది!

ఇంత చెప్పినా వాట్సాప్ శాస్త్రమే గెలుస్తోంది. ఒక జంట తమ తివాచీని ముక్కలుగా తెచ్చారు. గోధుమ రంగు నేల మీద నీలిమందు నీలం, నడుమ పియోనీ పూలు. బాక్స్ కట్టర్‌తో నాలుగు వైపులా అంచు కోసేశారు. బల్ల మీద పరిచి దులిపితే కోసిన చోటల్లా నీలం ఊలు ముడులు రాలిపోతున్నాయి. పడుగు (ముడులు వేసే నిలువు దారాలు) తెగాక ముడిని పట్టుకునేది ఏముంటుంది? ఆ అంచు ముక్క తిరగేసి ఆ జంటలో ఆవిడకు చూపించాను. ముడులేసిన తివాచీ కదా, వెనకవైపు డిజైన్ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. ఎడమ స్వస్తిక్ కాస్తా కుడి స్వస్తిక్ అయి కూర్చుంది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిణ్ణి ఏమనగలం? ఇంట్లో చంటిబిడ్డకు జ్వరం, ఊరి నుంచి రోజూ ఫోన్లు. భయపెట్టినవాళ్ల మీదే నా కోపం. కుట్టి నిలబెట్టాను గానీ, అంచు కోసిన తివాచీకి పాత ధర రాదు.

పక్కింటి యూదు కుటుంబం నొచ్చుకుంటుందేమో అన్న సంకోచం ఉంటే అది న్యాయమైనదే. వాళ్లొచ్చిన రోజు చుట్టి లోపల పెట్టండి. కత్తెర మాత్రం వద్దు.

అపోహ: గబ్బిలాలున్నాయి, కీడు. చైనా భాషలో గబ్బిలానికీ అదృష్టానికీ పలుకు ఒకటే, ‘ఫు’. ఐదు గబ్బిలాలంటే దీర్ఘాయువు, ఐశ్వర్యం, ఆరోగ్యం, సద్గుణం, పండు వయసులో సునాయాస మరణం. ఇంతకంటే ఏం కావాలి?

అపోహ: డ్రాగన్‌కు కాలికి ఐదు గోళ్లుంటే రాజప్రాసాదం సరుకు. అమ్మేవాడి మాట అది. ఒకప్పుడు కట్టడి ఉన్న మాట నిజమే, కానీ చైనాను ఆఖరున ఏలిన చింగ్ వంశం చివరికొచ్చేసరికి బజారు కోసమూ ఐదు గోళ్లు నేశారు. ప్రాసాదం పేరు నేసి ఉన్నా అంతే. గోళ్లు లెక్కపెట్టి డబ్బులివ్వకండి.

అపోహ: డ్రాగన్ ఒళ్లు అంచు దగ్గర తెగింది, కాబట్టి ఇది ముక్క. అది స్తంభానికి చుట్టే తివాచీ. వాయవ్య చైనాలోని నింగ్షియా ప్రాంతంలో బౌద్ధ మఠాల కోసం నేసేవారు. రెండు అంచులూ కలిపి చుట్టి చూడండి, డ్రాగన్ స్తంభాన్ని పెనవేసుకుంటుంది.

అపోహ: పూలు ఒక మూలే ఉన్నాయి, నకిలీ. 1920ల్లో చైనాలోని టియాంజిన్ నగరంలో వాల్టర్ నికోల్స్ అనే అమెరికన్ నడిపిన తివాచీల కార్ఖానా నుంచి అలాంటివి బోలెడు అమెరికా చేరాయి. ముడులు పలచగా ఉన్నాయని తీసిపారేసేవాళ్లకూ ఒక మాట: మంచి పాత నింగ్షియా తివాచీలు పలచగానే ఉంటాయి.

ఇక తామరపువ్వు మీద కాలు పెట్టొచ్చా అని పెద్దవాళ్లు అడుగుతారు. చైనాలో తివాచీ మీద తామర వేసింది నడవడానికే. మీకు మనసొప్పకపోతే గోడకు వేలాడదీయండి. మేకులు కొట్టొద్దు. వెనక పై అంచు పొడుగునా నూలు గుడ్డ గొట్టంలా కుట్టించి, అందులోంచి కర్ర దూర్చండి. బరువంతా ఒకచోట పడదు.