ఒక్క మొక్క సంతానం

డిసెంబరులో పాడేరు వైపు వెళ్తే సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. ఒక పండు కోసి వేళ్ల మధ్య నొక్కండి. తొక్క చిట్లి, జిగురు పట్టిన రెండు గింజలు అరచేతిలోకి జారతాయి. పండులో ఒకదానికొకటి ఆనుకుని పెరుగుతాయి కాబట్టే గింజకు ఓ పక్క చదును, ఇంకో పక్క గుండ్రం. ఆ జిగురు నాకి చూస్తే తియ్యగా ఉంటుంది. కాఫీ వాసన మాత్రం ఎక్కడా రాదు, అది గింజను వేయించినప్పుడు పుట్టేది.

మన్యానికి ఈ పంట వచ్చింది 1898లో. బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి కొండల్లో, పాములేరు లోయలో నాటించాడంటారు. అరకు, పాడేరు పక్క ఎక్కువగా పండేది అరబికా. పేరు విని అరేబియాదని అనుకుంటాం. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఆ పేరు పెట్టేనాటికి యూరప్‌కు కాఫీ రుచి తగిలింది అరేబియా మీదుగానే మరి. అసలు పుట్టిల్లు ఇథియోపియా నైరుతి కొండల్లోని అడవి. మేకలు ఈ పళ్లు తిని గంతులేస్తుంటే కల్ది అనే కాపరి చూశాడన్న కథ అందరికీ తెలిసిందే. అది అచ్చులో కనబడింది 1671లో, రోమ్‌లో. యెమెన్‌లో కాఫీ తాగడం మొదలై అప్పటికే రెండొందల ఏళ్లు! కథగా బాగుంది, అంతవరకే.

అడవిలో జరిగిన అసలు కథ ఇంకా చిత్రమైనది. రోబస్టా, యూజినియాయిడిస్ అని రెండు కాఫీ జాతులున్నాయి. ఒక్కోదానికి 22 క్రోమోజోములు. ఈ రెండూ ఎప్పుడో సంకరమై 44 క్రోమోజోముల అరబికా పుట్టింది. ఇది సుమారు 6 లక్షల ఏళ్ల కిందటి సంగతని 2024లో జన్యువులు చదివిన శాస్త్రవేత్తల అంచనా. రోబస్టా కాయాలంటే ఇంకో మొక్క పుప్పొడి కావాలి. అరబికాకు ఆ బాధ లేదు, తన పుప్పొడితో తానే కాస్తుంది. ఒంటి మొక్క చాలు, తోట లేచినట్టే. కాఫీ ప్రపంచమంతా పాకిన తీరుకు కీలకం ఇక్కడే ఉంది.

15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర ఆపుకోవడానికి దీన్ని తాగేవారు. మోఖా రేవు నుంచి గింజలు ఊరూరికీ వెళ్లేవి, అదీ మొలకెత్తకుండా ఉడికించాకే అని చెబుతారు. అయినా 17వ శతాబ్దంలో హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు దగ్గర చంద్రగిరి కొండల్లో నాటాడని మన దగ్గర చెప్పుకుంటారు. ఏడు అన్న లెక్క భక్తులది కావచ్చు. కానీ అరబికాకు ఏడు కూడా ఎక్కువే.

1690ల్లో డచ్చివాళ్లు మలబారు నుంచి జావాకు మొక్కలు పట్టుకెళ్లారు. జావా నుంచి 1706లో ఆమ్‌స్టర్‌డామ్ వృక్షవాటికకు ఒకటి చేరింది. దాని పిల్ల మొక్కను 1714లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి కానుకగా ఇచ్చారు. ఆ వంశంలోదే ఒకటి, 1723 ప్రాంతంలో ద క్లియూ అనే నౌకాధికారి ఓడలో కరీబియన్ దీవి మార్టినీక్‌కు వెళ్లింది. దారిలో మంచినీళ్లకు కటకట వస్తే తన వంతులోంచి మొక్కకు పోశానని ఆయనే రాసుకున్నాడు. కాస్త సొంత డబ్బా కలిసి ఉండొచ్చు గానీ మొక్క బతికిన మాట నిజం. యెమెన్ నుంచి నేరుగా హిందూ మహాసముద్రంలోని బోర్బోన్ దీవికి (ఇప్పటి రీయూనియన్) చేరిన మొక్కలది ఇంకో వంశం. అమెరికా ఖండాల్లో పరుచుకున్న అరబికా చాలావరకు ఈ రెండు వంశాలదే.

అంటే ఖండాలు దాటి వేల ఎకరాలు నాటినా, జన్యువుల లెక్కలో అదంతా ఒక్క ఇంటి సంసారం. ఒకరికి సోకిన జబ్బు అందరికీ సోకుతుంది. 1869లో శ్రీలంక తోటల్లో ఆకుల వెనక నారింజ రంగు పొడి కనబడింది. వేలితో రాస్తే అంటుకునే ఆ పొడి, ఆకుతుప్పు శిలీంధ్రపు బీజాలు. గాలికి, వానకు పక్క చెట్టుకు ఎగబాకుతాయి. ఆకులు రాలిపోతాయి, ఆకుల్లేని కొమ్మకు కాపు ఉండదు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అక్కడి దొరలు కాఫీ పీకేసి తేయాకుకు మళ్లారు. సిలోన్ టీ పేరు వెనక ఓ బూజు ఉందన్నమాట. జావా వాళ్లు తెగులును తట్టుకునే రోబస్టా పట్టారు. దానికి మొండితనం ఎక్కువ, చేదూ ఎక్కువే. కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. అది పురుగులకు విషం, మనకు పొద్దుటి హుషారు.

అరబికాను ఆదుకున్నది మళ్లీ ఓ యాదృచ్ఛిక సంకరమే. 1920ల్లో తిమోర్ దీవి తోటలో ఒక చెట్టుకు తుప్పు అంటలేదు. చూస్తే అది అరబికా, రోబస్టాలకు తనంతట తాను పుట్టిన బిడ్డ. లక్షల ఏళ్ల కిందట అరబికాను కన్న రోబస్టాయే ఇంకోసారి వచ్చి కలిసిందన్నమాట. బోర్బోన్ వంశపు పొట్టి రకంతో ఈ తిమోర్ చెట్టును కలిపి పుట్టించిన వంగడాన్ని చిక్కమగళూరు జిల్లాలోని బాళెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రం 2007లో రైతులకు ఇచ్చింది. దాని పేరు చంద్రగిరి.